సెరిక్ ఎడమ చెయ్యి

సెరిక్ పోయాడని వాళ్ల బిడ్డ మెసేజ్ పెట్టింది. పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తీస్తే రష్యన్ అక్షరాలు కనిపించాయి. ఆ భాష నాకిప్పుడు సగమే మిగిలింది. కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివాను. గుండె ఆగిందట, ఎక్కువ బాధ పడలేదట. చదువుకునే రోజుల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఆ తర్వాత ఒక్కసారి కూడా కలవకపోయినా ఉత్తరాలు మానలేదు, ఉత్తరాలు పోయాక ఫోన్లు మానలేదు. మెసేజ్ చివర ఆ పిల్ల ఒక మాట అడిగింది. "మా నాన్న ఎడమ చేతికి రెండు వేళ్లు సగం దాకా లేవు కదా. మంచుకు పోయాయని మాత్రం చెప్పేవాడు. ఎట్లా పోయాయని అడిగితే నవ్వి, నా ఇండియా దోస్తును అడగండి అనేవాడు. మీరు చెప్తారా?"

అది చదివాక కప్పు ఎత్తబుద్ధి కాలేదు. నా భార్య వంటింట్లోంచి వచ్చి నా ముఖం చూసి, "ఎవలు పోయిండ్రు?" అని అడిగింది. చెప్పాను. ఆమె సెరిక్‌ను ఎన్నడూ చూడలేదు, పేరు మాత్రం పెళ్లయిన కొత్త నుంచీ వింటూనే ఉంది. పక్కన కూర్చొని, "మరి గా పిల్లకు చెప్తవా?" అంది. ఆమెకు కూడా నేను సగమే చెప్పాను. ఆ రోజే నాలుగు లైన్లలో జవాబు రాసి పంపాను. నాలుగు లైన్లు ఆ పిల్లకు సరిపోతాయేమో గాని నాకు చాలలేదు.

ఆ వేళ్ల వెనక ఉన్న నా భయం సంగతి చెప్పాలంటే శ్రీరాంపూర్ నుంచే మొదలుపెట్టాలి. మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల వరుస. రెండు గదులు, ముందర చిన్న అరుగు, వెనక మోరీ. పొద్దు పొడిచేసరికి వరుసలోని ఆడవాళ్లందరూ బొగ్గుల పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే వాటిని లోపలికి తెచ్చుకోవాలి. ఆ పొగ గొంతులో గరగరలాడేది, బడికి పోయేదాకా జుట్టులోంచి వదిలేది కాదు. మాకు నాన్న అంటే బాపు, అమ్మ అంటే అవ్వ. బాపు బట్టలకు వేరే బకెట్టు ఉండేది. ఎంత ఉతికినా అవి ఆరేసిన తీగ మీద నల్లటి గీత పడేది. షిఫ్టు దిగి వచ్చి బాపు స్నానానికి కూర్చుంటే మోరీలోకి నల్లటి నీళ్లు పారేవి, అవి తెల్లబడేదాకా అవ్వ చెంబుతో వీపు మీద పోస్తూనే ఉండేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్లు కాదు. నీళ్లు తెల్లబడ్డాయంటే ఆ రోజు గడిచిందని లెక్క.

బాయిలో బాపు పని కప్పుకు కర్రలు నిలబెట్టడం. బొగ్గు తవ్వుకుంటూ ముందుకు పోయినకొద్దీ పైన ఉన్న రాయి మీద పడకుండా దుంగలు ఆనించాలి. అంతకుముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి వినాలి. గట్టిదయితే కంగుమంటుంది, డొల్లదయితే బొదబొదమంటుంది. ఆ అలవాటు బాయిలో ఆగలేదు, ఇంటికీ వచ్చింది. కొత్త కుండ తెచ్చినా, ఎండాకాలం తర్బూజ తెచ్చినా వేలు మడిచి కొట్టి చెవి పెట్టేవాడు. చుట్టాలింటికి పోతే చెప్పులు విప్పకముందే తలెత్తి పైకప్పు చూసేవాడు. మంథనిలో మా మేనత్త కొత్త ఇల్లు కట్టుకొని పిలిస్తే, అందరూ రంగులు బాగున్నాయంటుంటే బాపు ఒక్కడే దూలాల కింద తిరుగుతూ ఉండిపోయాడు. అత్త నొచ్చుకుంది. "ఏందన్నా, మా ఇల్లు నీ మీద పడుతదా?" అంటే, "పడదమ్మా, ఊకె సూస్తున్న" అన్నాడు.

షిఫ్టు మారేటప్పుడు సైరన్ కూసేది. దానికి మేము లేచేవాళ్లం, తినేవాళ్లం, గడియారం లేని లోటు తెలిసేది కాదు. వేళ కాని వేళ కూసిందంటే మాత్రం వరుసలో పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఆడవాళ్లు చేతుల పిండి చేతులతోనే గుమ్మాల్లోకి వచ్చి బాయి దిక్కు చూస్తూ నిలబడేవాళ్లు. ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు, ఎవరూ పరుగెత్తేవాళ్లు కాదు. కబురు దానంతట అది నడిచి వచ్చి ఒక గుమ్మం ముందు ఆగాలి. అంతవరకూ పెనం మీది జొన్నరొట్టె మాడేది. ఇప్పటికీ ఎక్కడైనా రొట్టె మాడిన వాసన వస్తే లేచి గుమ్మంలోకి పోతాను. మా ఇంట్లో ఆ రొట్టెను పారేసేవాళ్లు కాదు. బాపు క్షేమంగా వస్తే మాడిన పొర గీకి అందరం తినేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కబురు మా పక్క గుమ్మం ముందు ఆగింది. లింగయ్య కాక బాపుతో జోడీగా పనిచేసేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకొని కొండగట్టు మెట్లెక్కిన మనిషి. కప్పు రాయి జారి మీద పడింది. బాపు చేతులతోనే తవ్వాడట, ఇంటికి వచ్చేసరికి గోళ్లు లేవు. ఆ రోజు నీళ్లు ఎంతసేపు పోసినా తెల్లబడలేదు. అవ్వ చెంబు పక్కన పెట్టి వీపు తుడుస్తుంటే బాపు మాట్లాడాడు.

"కొట్టి సూసిన. కంగుమన్నది. రెండుసార్లు కొట్టిన, కంగుమన్నది."

"నీ తప్పు గాదు" అంది అవ్వ.

"నా తప్పని నేనంటలేను. కంగుమన్నది అంటున్న."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. రాయి అబద్ధం చెప్పగలదని ఆ రోజు తెలిసింది. ఇక ఆ తర్వాత ఏ కప్పు కింద పడుకున్నా నిద్ర పట్టేదాకా పైకి చూస్తూ ఉండేవాణ్ణి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపుకు నా మీద ఒక్కటే ఆశ. కొడుకు బాగా చదివి బాయి దొర, అంటే ఇంజనీరు, కావాలి. పదిమందిలో ఆ మాట అనేవాడు కాదు, అన్నం తింటూ అవ్వతో అనేవాడు. నాకు లెక్కలు వచ్చు. కాలేజీ అయ్యాక ఢిల్లీలో పరీక్ష రాసి, సోవియట్ దేశంలో గనుల ఇంజనీరింగు చదువుకు ఎంపికయ్యాను. కాగితం వచ్చిన రోజు బాపు దాన్ని పట్టుకొని వరుసలో ప్రతి గుమ్మం ముందూ ఆగాడు. అట్లా ఆగిన మనిషికి నాకు బాయంటే భయమని ఎట్లా చెప్పను?

నన్ను పంపిన అల్మాఅతా కజకుల నగరం. దక్షిణాన మంచుకొండలు, ఉత్తరాన చూపు ఆనినంత దూరం గడ్డిమైదానం. హాస్టల్లో నా గదిలో పడ్డవాడు సెరిక్. గొర్రెలూ గుర్రాలూ కాసుకునే వాళ్ల కొడుకు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. అవ్వ పంపిన మామిడికాయ తొక్కును నల్లరొట్టెకు పూసుకొని కన్నీళ్లు కారుతుంటే తినేవాడు, మళ్లీ అడిగేవాడు. మేము మాట్లాడుకున్నది రష్యన్‌లోనే అయినా అతని మాటలు నా చెవిలో మా వాడకట్టు మాటల్లాగే మిగిలిపోయాయి, అట్లాగే రాస్తున్నాను. మొదటి మూడేళ్లు పుస్తకాలతో గడిచాయి. నాలుగో ఏడు ఎండాకాలంలో గనిలోకి దిగి పనిచేయాలి. ఆ ఏడు చలి తగ్గుతున్నకొద్దీ నాకు తిండి సయించడం మానేసింది. సెరిక్ అది చూసి, "ఇంటి దిక్కు మనసు గుంజుతున్నట్టుంది నీకు. మా ఇంటికి పోదాం రా. మా దగ్గర ఒక పాత పట్నం ఉంది, సూపిస్త" అన్నాడు.

విదేశీ విద్యార్థులు నగరం దాటాలంటే అనుమతి కాగితం కావాలి. మేము అడగలేదు, అడిగితే ఇవ్వరు. దొరికితే నన్ను దేశం పంపించేస్తారు. రైల్లో సెరిక్ తన బొచ్చు టోపీ నా కళ్ల మీదికి లాగి, "ఎవలన్న అడిగితే నువ్వు మూగోడివి" అన్నాడు. రైలు దిగి లారీ ఎక్కేదాకా నేను నిజంగానే మూగవాణ్ణయ్యాను. ప్రతి టోపీ నాకు పోలీసు టోపీలా కనబడింది.

వాళ్ల చలికాలపు ఇల్లు మట్టిది. పక్కనే ఉన్ని దట్టంగా అదిమి చేసిన గుండ్రటి గుడారం. అందులో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని పెట్టారు. గుడారంలోకి వంగి అడుగుపెట్టగానే తడిసిన గొంగడి వాసన, పిడకల పొగ వాసన కలిసి తగిలాయి. మా తాత ఊళ్లో కురుమోళ్ల మంద దగ్గర నిలబడ్డట్టే ఉంది. నేను అలవాటుగా తలెత్తి పైకి చూశాను. కర్రల మీద ఉన్ని, మధ్యలో ఆకాశం. పడినా ఏమీ కాని కప్పు అది. ఆ దేశం వచ్చాక మొదటిసారి అక్కడ కళ్లు మూసుకొని కూర్చున్నాను. సెరిక్ తల్లి ఉప్పు వేసిన పాల చాయ్ ఇచ్చింది, తాగేదాకా నా చేతులకేసి చూసి ఏదో అంది. చేతులు ఎంత చల్లగున్నాయో అంటోందని సెరిక్ చెప్పాడు.

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే సెరిక్ తండ్రి గడప దగ్గర ఆపాడు. డెబ్బయ్యేళ్ల మనిషి, తెల్లటి సన్నని గడ్డం. గొర్రెలు ఒకదాన్నొకటి ఒత్తుకొని నిలబడటం చూపించి, గాలి మారేట్టుందని, పొద్దు నెత్తిమీదికి రాకముందే తిరిగి రమ్మన్నాడు. ఎండ కాస్తోంది, నేలమీద మంచు అక్కడక్కడే మిగిలింది. గంట నడక. వాళ్ల కుక్క మా వెంట వచ్చింది. సంచిలో రొట్టె, ఉడికించిన మాంసం ఉన్నాయి.

పాత పట్నం అంటే కోటలు, కమాన్లు ఉంటాయనుకున్నాను. మైదానం మధ్యలో ఊరంత మట్టిదిబ్బ లేచి ఉంది, అంతే. ఎక్కితే తెలిసింది. గోడలన్నీ వానకు కరిగి చెదపుట్టల్లా మిగిలాయి. నడిస్తే కాళ్లకింద పెంకులు పలుకుతున్నాయి, నీలిరంగు మెరుపున్న పెంకులు. కిందటేడు ఎవరో చదువుకున్నవాళ్లు వచ్చి ఒక మూల తవ్వి, చలికి ముందే వెళ్లిపోయారట. అక్కడ ఒక వీధి మొత్తం బయటపడింది. రెండు దిక్కులా ఇళ్ల వరుసలు, మధ్యలో మోరీ. అచ్చం మా క్వార్టర్ల కొలతే. ఒక ఇంట్లో పొయ్యి, పొయ్యి పక్కన గోడకు పొగచూరిన మరక. ఒక గడప మధ్యలో అరిగి గుంటపడింది. ఎంతమంది ఆడవాళ్లు దాని మీద నిలబడి దారి చూస్తే అంత అరుగుతుందోనని నాకు తోచింది. తోచాక అక్కడ ఉండబుద్ధి కాలేదు, కదలబుద్ధీ కాలేదు.

"మంగోలు సేన వచ్చి నెలల తరబడి చుట్టూ కూసున్నది" అన్నాడు సెరిక్, గోడ మీద కూర్చొని రొట్టె తుంచుతూ. "లోపటోళ్లు తలుపులు తీయలే. తిండి అయిపోయినంక ఎవడో తీసిండు. ఒక్కల్ని మిగల్చలే. మా గొర్రెలు సుత ఈడ పండవు."

వేళ కాని వేళ ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడితే, కబురు అందరి గుమ్మం ముందూ ఒకేసారి ఆగితే ఎట్లా ఉంటుందో నేను చూస్తున్నట్టే ఉంది. అయినా సరే చూడటం ఆపలేకపోయాను. సెరిక్ ఆకాశం చూసి రెండుసార్లు "పోదాం పా" అన్నాడు. రెండుసార్లూ నేనే "జరసేపు" అన్నాను. ఇది నేను మరచిపోకూడదు, అందుకే రాస్తున్నాను. రెండుసార్లూ నేనే అన్నాను.

ముందు కుక్క లేచి నిలబడింది. ఉత్తరం దిక్కున మైదానం అంచు కనబడటం మానేసింది. తెల్లగా కాదు, బూడిదరంగులో ఒక గోడ నేల నుంచి ఆకాశం దాకా లేచి మా వైపే వస్తోంది. సెరిక్ నవ్వు మాయమైంది. "ఉరుకు" అన్నాడు. పదడుగులు వేశామో లేదో గాలి తగిలింది. ఎండ ఆరిపోయింది. మంచు పైనుంచి పడలేదు, పక్కనుంచి ఇసుకలా కొట్టింది. ఊపిరి తీసుకోబోతే నోట్లో గాలి గడ్డకట్టినట్టయింది. ఇంటికి పోయే మాటే లేదు. సెరిక్ నా చెయ్యి పట్టుకొని తవ్విన మూలకు లాక్కుపోయాడు. అక్కడ నేలలోకి మెట్లున్నాయి. వెనకటి వాళ్లు ధాన్యమో ఏమో దాచుకున్న ఇటుకల గది అది. తవ్వినవాళ్లు కప్పు కూలకుండా లోపల దుంగలు నిలబెట్టి పోయారు.

మూడో మెట్టు దాకా దిగాను. లోపలినుంచి తడిమట్టి, కర్ర కలిసిన వాసన వచ్చింది. షిఫ్టు దిగివచ్చిన బాపు చొక్కా వాసన అది. కప్పునుంచి కాస్త మట్టి రాలి నా టోపీ మీద పడింది. నా కాళ్లు ఆగిపోయాయి. సెరిక్ అప్పటికే లోపలున్నాడు. సంచి కింద పడేసి, నాకు ధైర్యం చెప్పడానికి దుంగను బూటుతో గట్టిగా తన్నాడు. అది కంగుమంది.

"సూడు, గట్టిగనే ఉన్నది. రా."

ఆ చప్పుడుతో నాలో ఏదో తెగిపోయింది. వెనక్కి తిరిగి మెట్లెక్కి బయటికి పరుగెత్తాను. ఎటు పరుగెత్తానో తెలియదు. చెయ్యి చాపితే చెయ్యి కనబడటం లేదు. వెనక సెరిక్ నా పేరు అరుస్తున్నాడు, "రాజమల్లూ" అని పూర్తిగా, ఎప్పుడూ అట్లా పిలిచేవాడు కాదు. గాలి ఆ పేరును ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో దిక్కు నుంచి వినిపించింది. ఒక గోడకు తగిలి పడ్డాను. గోడ మొదట్లో ముడుచుకొని కూర్చున్నాను. చస్తానని తెలుసు. కప్పు కింద మాత్రం చావనని, అంతే, అదొక్కటే ఉంది మనసులో. అవ్వ గుర్తుకు రాలేదు, బాపు గుర్తుకు రాలేదు. మనిషికి అంత భయంలో ఎవరూ గుర్తుకు రారని అప్పుడు తెలిసింది.

కుక్క మూతి నా మెడకు తగిలింది. దాని వెనకే సెరిక్. నన్ను లేపి గదికి లాక్కుపోదామని ఎడమ చేతి గ్లౌజు పళ్లతో తీసి నా కాలరు పట్టుకున్నాడు. నేను పెనుగులాడాను. అతన్ని కొట్టాను కూడా. ఆ పెనుగులాటలో గ్లౌజు గాలికి పోయింది. చివరికి అతనే ఓడిపోయి నా పక్కన కూర్చున్నాడు. తన బెల్టు తీసి నా నడుముకూ తన నడుముకూ కలిపి కట్టాడు, కుక్కను మా మీదికి లాక్కున్నాడు. "ఈన్నే ఉందాం. మా బాపు వస్తడు" అన్నాడు. కట్టేటప్పుడు బెల్టు ఇనుము అతని వేళ్లకు అంటుకోవడం చూశాను. ఉత్త చేతిని కోటులో పెట్టుకుంటాడు, నేను మళ్లీ లేవబోతానేమోనని మళ్లీ తీసి నన్ను పట్టుకుంటాడు. నా రెండు చేతులకూ గ్లౌజులున్నాయి. ఒకటి విప్పి ఇవ్వాలని తోచింది. చాలాసార్లు తోచింది. ఇవ్వలేదు.

వాళ్ల బిడ్డకు రాసిన నాలుగు లైన్లలో ఈ లైను కూడా ఉంది. పంపేముందు నా వేలు ఆ అక్షరాల మీద చాలాసేపు ఆగింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. నాన్న ఈ సంగతి అమ్మతో ఎప్పుడో చెప్పాడట, అమ్మ ఇప్పుడు చెప్పిందట. భయంలో ఉన్న మనిషి చేతిలోంచి ఏదీ అడగొద్దు అన్నాడట. 

గాలి కాస్త తగ్గాక ముసలాయన గుర్రం మీద వచ్చాడు. తుపాను రాకముందే ఇంటినుంచి బయల్దేరి, దారి పొడుగునా పల్లం దొరికిన చోటల్లా గుర్రాన్ని ఆపుకుంటూ వచ్చాడట. కుక్క అరుపు పట్టుకొని మమ్మల్ని చేరాడు. ఇంటికి చేరాక సెరిక్ తల్లి మొదట నా గ్లౌజులు విప్పింది. అతిథిని కదా. పది వేళ్లనూ ఒక్కొక్కటిగా పట్టుకొని చూసింది, నిట్టూర్చింది, ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. అతని వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆమె ఏడవలేదు. మా వరుసలో గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ల ముఖమే ఆమెకూ వచ్చింది. గోరువెచ్చని నీళ్లు తెచ్చి అతని చెయ్యి అందులో పెట్టింది. నేను ముసలాయన ముందు తల దించుకొని, తప్పు నాదని వచ్చీరాని మాటల్లో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇద్దరు పోయిండ్రు, ఇద్దరు వచ్చిండ్రు" అన్నాడు. సెరిక్ పళ్లు బిగబట్టుకొని ఆ మాట నాకు తిప్పి చెప్పాడు.

మర్నాడు సెరిక్‌ను ఆస్పత్రికి తీసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చేలోపు, సంచి కోసం ముసలాయన వెంట మళ్లీ ఆ దిబ్బకు పోయాను. సెరిక్ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన మెట్లు దిగాడు, నేను పైన నిలబడ్డాను. కప్పు అట్లాగే ఉంది. ఒక్క పెళ్ల కూడా రాలలేదు. ఆయన పైకొచ్చి సంచి నా చేతికిచ్చాడు. తెరిచి చూస్తే రొట్టె గడ్డకట్టలేదు, మెత్తగానే ఉంది. అంత వెచ్చగా ఉంది ఆ గది.

ఆస్పత్రిలోనూ, తర్వాత కాలేజీలోనూ సెరిక్ ఒక్కటే చెప్పాడు. ఒక్కణ్ణే పోయాను, గ్లౌజు పడిపోయింది. నా పేరు వస్తే నన్ను పంపించేస్తారని అతనికి తెలుసు. రెండు వేళ్లు సగం దాకా తీసేశారు. ఆ ఎండాకాలం అతను కట్టు చేత్తోనే గనిలోకి దిగాడు. నేను జబ్బు కాగితం పెట్టి పైన మిషన్ల షెడ్డులో పనిచేసి గట్టెక్కాను. ఒక్క గని కప్పు కిందికీ పోకుండా గనుల ఇంజనీరు పట్టా తెచ్చుకున్నవాణ్ణి నేను.

ఇప్పుడు మా చుట్టుపక్కల పిల్లలు ఆ దేశాలకే డాక్టరు చదువులకు పోతున్నారు. తల్లులు రోజూ ఫోన్లో ముఖం చూసి, చలికి పెదాలు పగిలాయేమని అడుగుతారు. నా తుపాను సంగతి మా అవ్వకు నేను చెప్పేదాకా తెలియదు. ఆమె ఉత్తరం వేరేవాళ్లతో రాయించి వేస్తే నాకు చేరడానికి నెల పట్టేది. మా క్వార్టర్లూ ఇప్పుడు లేవు. బాయి మూతపడ్డాక వరుసలన్నీ కూలగొట్టారు, ఆ దిక్కంతా పైనుంచే తవ్వుకుంటూ వస్తున్నారు. కిందటేడు పోయి చూస్తే తుమ్మల మధ్య పునాదులు మాత్రం మిగిలాయి. మోరీని పట్టుకొని నడిచి మా ఇల్లు ఏదో కనుక్కున్నాను. మేకలు కాస్తున్న ఒకామె, "ఏమన్న పోగొట్టుకున్నవా సారూ?" అని అడిగింది. లేదన్నాను. అక్కడ ఎక్కువసేపు నిలబడటానికి భయమేసింది. పాత పట్నంలో వేసిన భయమే.

చదువు ముగించి ఇంటికి వచ్చిన నెలకు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. బాపు నాకు కొత్త బూట్లు తెచ్చిపెట్టాడు. ఆ పొద్దున అన్నం ముందు కూర్చొని చెప్పేశాను. బాయిలోకి దిగలేనని, చిన్నప్పటి నుంచే దిగలేనని, సెరిక్ వేళ్ల సంగతి, గ్లౌజు సంగతి, అన్నీ. బాపు చేతిలో ముద్ద అట్లాగే ఉంది. తినకుండా లేచిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అవ్వ మాత్రం, "నాకు ఎరుకే" అంది. "సైరన్ కూస్తె నువ్వు చెవులు మూసుకునేటోనివి. దొరలు పైన్నే కూసుంటరనుకున్న బిడ్డా, అందుకే పొమ్మన్న."

ఐదో రోజు మొదటి షిఫ్టుకు పోతూ బాపు అరుగు మీద బూట్లు కట్టుకుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నాకు రోజూ భయమే అయితది. గీ అరుగు దిగంగనే ఎనకకు మళ్లాలనిపిస్తది. ఇరవై రెండేండ్ల సంది."

"మరి ఎట్ల పోతవ్ బాపు?"

"ఎట్ల పోతరు. నడుసుకుంట పోతరు." లేసు ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. "నువ్వు పోకు. బడిల చెప్పుకో, లెక్కలు వచ్చుగద నీకు. ఇంట్ల ఒక్కడు పోతె సాలు."

లేచి సద్దిగిన్నె తీసుకొని బయల్దేరాడు. నేను చెప్పులు వేసుకొని వెంట నడిచాను. అన్నేళ్లలో ఎన్నడూ బాయి గేటు దాకా పోలేదు నేను. ఆయన వద్దనలేదు. దారిలో ఎవరో "కొడుకు కొలువుల చేరిండా?" అని అడిగితే, "లేదు, బడిపంతులు అయితడు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు, అడిగినవాడికి తెలియదు. దీపం తీసుకొని, టోపీ పెట్టుకొని, వరుసలో నిలబడి, ఒకసారి నా వైపు చూసి లోపలికి దిగిపోయాడు.

నేను ఇంటికి పోలేదు. గేటు ముందు చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాను. వచ్చేపోయే బొగ్గు టబ్బుల చప్పుడు, వాటిని లాగే తాడు చుట్టుకునే చప్పుడు వింటూ ఉన్నాను. ప్రతి చప్పుడుకూ లేచి నిలబడ్డాను. హోటల్ ఆయన రెండుసార్లు చాయ్ తెచ్చి పెట్టాడు, రెండుసార్లూ చల్లారిపోయింది. మధ్యాహ్నం సైరన్ కూసింది. వేళకే కూసింది. మనుషులు ఒక్కొక్కరే పైకి వచ్చారు, అందరి ముఖాలూ ఒక్కలాగే నల్లగా ఉన్నాయి. ఎవరు బాపో పోల్చుకోలేక గేటు ఇనుప కడ్డీలు పట్టుకొని ఒక్కో ముఖం వెతుకుతున్నాను. వాళ్లలో ఒకడు ఆగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పొద్దటి సంది ఈన్నే ఉన్నవా?" అన్నాడు బాపు. "తిన్నవా?"